కొరాపుట్ కేసు నుంచి ముక్కు గొట్టం దాకా

సాలూరు లారీల ఊరు. విజయనగరం నుంచి వచ్చే రోడ్డు వేగావతి ఒడ్డున ఈ ఊరిని తాకి, పాచిపెంట దాటి, పి.కోనవలస దగ్గర ఘాటీ ఎక్కుతుంది. పైన సుంకి, పొట్టంగి, ఆ తర్వాత కొరాపుట్. పటంలో రాష్ట్ర సరిహద్దు గీత ఉంటుంది గాని, ఘాటీ కింది వాళ్ళకూ పైవాళ్ళకూ ఆ గీత ఎప్పుడూ గట్టిగా అడ్డం పడలేదు. సంతలు ఒకటే, చుట్టరికాలు ఒకటే, చాలాకాలం పాటు పోలీసు కేసులూ ఒకటే. సాలూరు మాత్రం కదలకుండానే జిల్లాలు మారింది: శ్రీకాకుళం, 1979 నుంచి విజయనగరం, 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం.

ఆ ఘాటీ పైనున్న కొరాపుట్ కోర్టులో 1980లలో ఒక చిన్న కేసు ఉండేది. భారత శిక్షాస్మృతి 309వ సెక్షన్ కింద, ఆత్మహత్యాయత్నం చేశాడన్న అభియోగం. ముద్దాయి పేరు నాగభూషణ్ పట్నాయక్. ఈ రోజు సాలూరులో ఒక ఇంట్లో మంచం పట్టిన మనిషి ముక్కులోని గొట్టం ఉంచాలా తీయాలా అన్న ప్రశ్నకు చట్టం ఏదో ఒక జవాబు చెప్పగలుగుతోందంటే, ఆ జవాబు వేళ్ళలో ఒకటి ఆ కేసు దాకా పోతుంది. ఈ సంబంధం పైకి కనిపించదు. రోగి హక్కుల చరిత్ర రాసేవాళ్ళు సాధారణంగా ముంబయి ఆసుపత్రితోనో ఇంగ్లండు ఆసుపత్రితోనో మొదలుపెడతారు. మన వైపు నుంచి చూస్తే అది ఆసుపత్రిలో కాదు, కోర్టులో మొదలైంది.

పట్నాయక్ ఘాటీకి అవతలివారు. గుణుపురం ప్రాంతం, వృత్తికి వకీలు. శ్రీకాకుళం గిరిజన పోరాటంలో వెంపటాపు సత్యం, ఆదిభట్ల కైలాసంలతో కలిసి నడిచిన తరం. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో చనిపోయాక ఆ పోరాటం సాయుధ దారి పట్టిందని ఇక్కడివాళ్ళకు కొత్తగా చెప్పనక్కర్లేదు. పట్నాయక్ 1969లో అరెస్టయ్యారు, అదే ఏడాది విశాఖపట్నం జైలు నుంచి తప్పించుకున్నారు, 1970లో మళ్ళీ దొరికారు. విశాఖ కోర్టు ఉరిశిక్ష వేసింది. క్షమాభిక్ష కోరనన్నారు. శిక్ష యావజ్జీవంగా మారింది. చాలా ఏళ్ళ తర్వాత, ఆరోగ్యం బాగా దెబ్బతిన్న స్థితిలో బయటికొచ్చారు. 1998లో చెన్నైలో మరణించారు.

రాజ్యం తనను చంపుతానంటే వద్దని బతిమాలని మనిషి మీద, అదే రాజ్యం చావబోయాడని కేసు పెట్టడంలో ఒక వింత ఉంది. 309 ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించి బతికిన వాడికి ఏడాది దాకా శిక్ష. 1860 నాటి సెక్షన్ అది. పట్నాయక్ 1987లో సుప్రీంకోర్టులో వేసిన రిట్ పిటిషన్‌లో రెండు కోరికలు ఉన్నాయి: ఆ సెక్షన్ రాజ్యాంగానికి విరుద్ధమని ప్రకటించాలి, కొరాపుట్‌లో తన మీద ఉన్న కేసు కొట్టేయాలి. పి.రతినం అనే మరొకరి పిటిషన్‌తో కలిపి దీన్ని విన్నారు. అందుకే న్యాయశాస్త్ర పుస్తకాల్లో ఈ తీర్పు రతినం పేరుతోనే ప్రసిద్ధం. పట్నాయక్ పేరు వెనక్కి పోయింది.

అప్పటికే ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఈ విషయంలో ఒక మాట చెప్పి ఉంది. చెన్నా జగదీశ్వర్ కేసులో డివిజన్ బెంచి తరఫున జస్టిస్ అమరేశ్వరి, ఆ హైకోర్టు తొలి మహిళా న్యాయమూర్తి, 309 చెల్లుతుందని రాశారు. బొంబాయి హైకోర్టు అంతకుముందే చెల్లదంది. 1994 ఏప్రిల్ 26న సుప్రీంకోర్టులో జస్టిస్ ఆర్.ఎం.సహాయ్, జస్టిస్ బి.ఎల్.హన్సారియా బొంబాయి వైపు మొగ్గారు. జీవించే హక్కులో జీవించకుండా ఉండే హక్కు కూడా ఉందన్నారు. సెక్షన్ పోయింది, దాంతోపాటు కొరాపుట్ కేసూ పోయింది.

ఆ తీర్పు నిలవలేదు. రెండేళ్ళు తిరగకుండానే, 1996 మార్చి 21న, కోడలి ఆత్మహత్యకు ప్రేరేపించారన్న కేసులో శిక్షపడిన గ్యాన్ కౌర్ దంపతుల అప్పీలులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. జీవించే హక్కులో చచ్చే హక్కు లేదు పొమ్మంది. కాని, తలుపు మూసే ముందు జస్టిస్ జె.ఎస్.వర్మ ఒక సందు వదిలారు. గౌరవంగా జీవించే హక్కు జీవితం చివరిదాకా ఉంటుంది, చావు అప్పటికే మొదలైపోయిన మనిషి విషయంలో గౌరవంగా పోవడం కూడా అందులోకి వస్తుంది, ఇది ఆత్మహత్య కాదు. తీర్పులో ఆ భాగం చాలా చిన్నది. తర్వాతి పాతికేళ్ళ చట్టమంతా ఆ సందులోంచే వచ్చింది. పట్నాయక్ గెలిచి ఓడిన కేసు ఇది. ఓటమిలోనే ఎక్కువ ఫలం దక్కిందని నా అభిప్రాయం.

ఇక ఆ గొట్టంతో పోసే తిండి సంగతి.

మన వైపు తిండి మానడం అనేది ముందు రాజకీయం, తర్వాతే వైద్యం. పరీక్షిత్తు ప్రాయోపవేశం, అంటే తిండి మాని చావుకు సిద్ధపడడం, పురాణం చెప్పే ప్రతి ఊళ్ళోనూ తెలిసిన కథ. పొట్టి శ్రీరాములు 1952 అక్టోబరు 19న మద్రాసులో బులుసు సాంబమూర్తి ఇంట్లో ఆంధ్ర రాష్ట్రం కోసం నిరాహారదీక్షకు కూర్చున్నారు, డిసెంబరు 15 రాత్రి పోయారు. 58 రోజులు. అది జైలు కాదు, ఇల్లు. ముక్కులో గొట్టం దోపమని ఆదేశించడానికి అక్కడ జైలరు లేడు. అదే దీక్ష చెరసాలలో జరిగి ఉంటే వైద్యుడి చేతికి గొట్టం వచ్చేది. 1933 మేలో అండమాన్ సెల్యులార్ జైల్లో నిరాహారదీక్ష చేస్తున్న మహావీర్ సింగ్‌కు వార్డర్లు అదిమిపట్టి గొట్టంతో పాలు పోస్తుంటే, ఆ పాలు ఊపిరితిత్తుల్లోకి పోయి ఆయన చనిపోయారు. అదే నెలలో మరి ఇద్దరు ఖైదీలు ఇలాగే పోయారు. ఇంగ్లండులో ఓటుహక్కు అడిగిన మహిళా ఖైదీల మీద 1909 నుంచి వాడిన పద్ధతే అది. అక్కడి నుంచే ఇక్కడికి దిగుమతి.

స్వతంత్ర భారతంలో ఈ పద్ధతికి అతి పొడవైన ఉదాహరణ మణిపూర్‌లో నిరాహారదీక్ష చేసిన ఇరోం షర్మిల. 2000 నవంబరు నుంచి 2016 ఆగస్టు వరకు ఇంఫాల్ ఆసుపత్రిలో ఒక గదిలో ఆమెను పెట్టి, ముక్కు గొట్టంతో పోషించారు. 309 కింద గరిష్ఠ శిక్ష ఏడాది గనక, ఏడాదికోసారి వదిలేసి మళ్ళీ పట్టుకునేవారు. మన దగ్గర 2009 నవంబరు 29న అరెస్టయిన కె.చంద్రశేఖర రావు తెలంగాణ రాష్ట్రం కోసం చేసిన దీక్ష ఖమ్మంలో మొదలై హైదరాబాదు నిమ్స్‌లో సాగినప్పుడు, నరంలోకి ఎక్కుతున్న ద్రవాలు దీక్షను విరమించినట్టా కాదా అని ఊరూరా వాదించుకున్నారు. డిసెంబరు 9న కేంద్రం ప్రకటన చేసేదాకా ఆ చర్చ ఆగలేదు. సెలైన్ తిండేనా, మందా? ఆనాడు రాజకీయంగా అడిగిన ఈ ప్రశ్ననే కోర్టులు వైద్యపరంగా అడుగుతున్నాయి.

ప్రపంచ వైద్య సంఘం 1975లో టోక్యోలో, 1991లో మాల్టాలో ఈ విషయంలో ఒక గీత గీసింది: తెలివిలో ఉండి, ఆలోచించి తిండి వద్దన్న మనిషికి వైద్యుడు బలవంతంగా పెట్టకూడదు. మన చట్టం ఆ గీతను ఇంకా అందుకోలేదు. 2024 జూలై 1న భారతీయ న్యాయ సంహిత వచ్చి 309ని తొలగించింది. కాని అందులో 226వ సెక్షన్ ఉంది: ప్రభుత్వోద్యోగిని ఒత్తిడి చేయడానికి చావబోతే ఏడాది దాకా శిక్ష. మామూలుగా చావబోయిన వాడికి చట్టం జాలి చూపుతోంది, దీక్ష చేసేవాడికి మాత్రం పాత సెక్షన్ కొత్త అంకెతో తిరిగొచ్చింది. పట్నాయక్ బతికి ఉంటే ఏమనేవారో ఊహించడం కష్టం కాదు.

ఆ గొట్టం గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది. సాలూరు నుంచి విశాఖ కేజీహెచ్ దాకా ఏ వార్డులో అడిగినా 'రైల్స్ ట్యూబు' అంటారు. ఇంటికొచ్చాక అది 'ముక్కులో పైపు'. జాన్ ఆల్‌ఫ్రెడ్ రైల్ అనే ఇంగ్లీషు వైద్యుడు 1921లో దీన్ని తెచ్చింది తిండి పెట్టడానికి కాదు, కడుపులోని రసాన్ని బయటికి తీసి పరీక్షించడానికి. తీయడానికి చేసిన గొట్టం పోయడానికి పనికొచ్చింది. తర్వాత 1979లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో గాడరర్, పోన్‌స్కీ అనే వైద్యులు పొట్టకే చిన్న రంధ్రం చేసి గొట్టం పెట్టే పద్ధతి కనిపెట్టారు, అదీ పసిపిల్లల కోసం. ఈ రెండూ మనుషులను మరణం నుంచి కాపాడాయి. తెలివిలేని దేహాన్ని ఏళ్ళ తరబడి నిలపగలిగే సామర్థ్యం కూడా వీటితోనే వచ్చింది. అంతకుముందు ఈ ప్రశ్న పుట్టే అవకాశమే లేదు. గంజి గొంతు దిగకపోతే పది పదిహేను రోజుల్లో కథ ముగిసేది.

ఇంట్లో ఆ పని ఎలా సాగుతుందో చూసినవాళ్ళకు తెలుసు. పొద్దున్నే చోడి అంబలి కాస్తారు. మా వైపు రాగులంటే చోళ్ళు. పలచగా కాచి, పాత ధోవతి గుడ్డలో వడగడతారు, చిన్న పలుకు ఉన్నా గొట్టం మూసుకుపోతుంది. చెయ్యి పెట్టి వేడి చూస్తారు. తల కింద రెండు దిండ్లు ఎత్తిపెడతారు. యాభై మిల్లీలీటర్ల సిరంజిలో తోపుడు కడ్డీ తీసేసి, గొట్టం మూతికి తగిలించి, చెవి ఎత్తుకు పట్టుకుంటే అంబలి తన బరువుకే దిగుతుంది. తర్వాత అరగ్లాసు నీళ్ళు పోసి గొట్టం కడుగుతారు. రోజుకు ఐదారుసార్లు. మూడు వారాలకు ముక్కు అంచు పుండు పడుతుంది, అప్పుడు ప్లాస్టరు రెండో వైపుకు మారుస్తారు. రోగి తెలివి లేకపోయినా చెయ్యి ముక్కు దగ్గరికి పోతూనే ఉంటుంది. ఆ చేతిని మంచం కోడుకు చీర ముక్కతో కట్టేసే ఇళ్ళు ఉన్నాయి. ఆ ముడి వేసేవాళ్ళు దుర్మార్గులు కారు, పగలు కూలికి పోవాల్సినవాళ్ళు.

ఆ గొట్టం పోషణ అన్నమా, వైద్యమా? అన్నమైతే ఆపడం పాపం, నేరం కూడా. వైద్యమైతే, పనికిరాని వైద్యాన్ని ఆపినట్టే ఆపవచ్చు. దీని మీద స్పష్టమైన జవాబు ముందు ఇంగ్లండు నుంచి వచ్చింది. 1989 ఏప్రిల్ 15న హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో జరిగిన తొక్కిసలాటలో టోనీ బ్లాండ్ అనే కుర్రవాడు నలిగిపోయాడు. మెదడు పైభాగం చచ్చిపోయింది, గుండె, ఊపిరి సొంతంగా ఆడుతున్నాయి. గొట్టంతో పోషణ. 1993 ఫిబ్రవరి 4న హౌస్ ఆఫ్ లార్డ్స్, గొట్టం పోషణ వైద్యంలో భాగమేనని, అది రోగికి ఏ మేలూ చేయనప్పుడు కొనసాగించాల్సిన బాధ్యత వైద్యుడికి లేదని చెప్పింది. మార్చి 3న బ్లాండ్ పోయాడు. అమెరికాలో నాన్సీ క్రూజన్ కేసు 1990లోనే ఇదే దారి పట్టింది, కాని అక్కడి కోర్టు 'తను ఇలా ఉండాలనుకోలేదని గట్టి సాక్ష్యం తెండి' అంది. గ్యాన్ కౌర్ తీర్పులో జస్టిస్ వర్మ బ్లాండ్ కేసును ప్రస్తావించారు. అలా ఇంగ్లండు ఆసుపత్రి గది, కొరాపుట్ కోర్టు ఒకే పేజీ మీద కలిశాయి.

మన దేశంలో ఈ మాటను మొదట చట్టం భాషలో పెట్టినవారు తెలుగు న్యాయమూర్తులన్న సంగతి మనకు అంతగా తెలియదు. 2006లో జస్టిస్ ఎం.జగన్నాథరావు అధ్యక్షతన లా కమిషన్ 196వ నివేదిక ఇచ్చింది. దానికి జోడించిన ముసాయిదా బిల్లులో 'వైద్య చికిత్స' అంటే ఏమిటో నిర్వచిస్తూ, వెంటిలేటరుతో పాటు కృత్రిమ పోషణనూ స్పష్టంగా చేర్చారు. గొట్టం వైద్యమే, అన్నం కాదు. ఆయన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు నుంచి ఎదిగి సుప్రీంకోర్టుకు వెళ్ళినవారు. ఆరేళ్ళ తర్వాత, 2012లో, 241వ నివేదిక అదే అంశాన్ని మళ్ళీ పరిశీలించింది. అప్పటి అధ్యక్షుడు జస్టిస్ పి.వి.రెడ్డి, ఆయనా తెలుగువారే. రెండు నివేదికలూ చట్టంగా మారకుండా అల్మరాలోకి పోయాయి. ఒక లోపమూ చెప్పాలి: జగన్నాథరావు ముసాయిదా రోగి ముందుగా రాసిపెట్టిన పత్రాన్ని చెల్లనిదిగా ప్రకటించింది. తెలివిలో ఉన్న రోగి ఆ క్షణాన చెప్పే మాటకు విలువ ఇచ్చి, ఏడాది ముందు రాసిన మాటకు ఇవ్వలేదు. మన కుటుంబాల్లో ఆస్తి పత్రాల చుట్టూ జరిగేవి దగ్గరగా చూసిన జడ్జికి ఆ అనుమానం రావడం సహజమే. అయినా అది తప్పే.

ఆ రెండు నివేదికలకు ముందే హైదరాబాదులో ఒక యువకుడు తన మాట తానే చెప్పుకున్నాడు. కె.వెంకటేశ్ చదరంగం ఆటగాడు, కండరాలు క్షీణించే వ్యాధి. 2004లో, పాతికేళ్ళ వయసులో, వెంటిలేటరు మీద ఉండి, ఇన్‌ఫెక్షన్ సోకి అవయవాలు పాడవకముందే వాటిని ఇచ్చేసి పోతానన్నాడు. తల్లి హైకోర్టుకు వెళ్ళింది. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడు చనిపోతేనే అవయవాలు తీయాలి గనక కోర్టు ఒప్పుకోలేదు. ఆ డిసెంబరులోనే అతను పోయాడు. కోర్టు చట్టాన్ని సరిగ్గానే చదివింది. ఆ తీర్పులో నన్ను పట్టుకునేది వేరే సంగతి: స్పష్టంగా, తెలివిగా, పదిమందికి పనికొచ్చేలా కోరిన రోగి మాటకు ఎక్కడా చోటు దొరకలేదు.

మాట చెప్పలేని రోగి కేసు 2011లో వచ్చింది. ముంబయి కేఈఎం ఆసుపత్రి నర్సు అరుణా శాన్‌బాగ్ 1973 నవంబరు 27న అదే ఆసుపత్రిలో ఒక వార్డుబాయ్ దాడికి గురై, ఆ తర్వాత లేవలేదు. నలభై ఏళ్ళకు పైగా సహ నర్సులే ఆమెను చూసుకున్నారు, చాలాకాలం మెత్తగా నలిపిన అన్నం నోటితోనే తినిపించారు. పాత్రికేయురాలు పింకీ విరానీ పిటిషన్ మీద 2011 మార్చి 7న జస్టిస్ మార్కండేయ కట్జూ, జస్టిస్ జ్ఞానసుధా మిశ్రా అరుణ పోషణ ఆపడానికి అనుమతి ఇవ్వలేదు, తిండి పెడుతున్న నర్సులే ఆమెకు దగ్గరివాళ్ళన్నారు. కాని హైకోర్టు అనుమతితో వైద్యం ఆపవచ్చని దేశానికంతటికీ సూత్రం చెప్పారు. అరుణ 2015 మే 18న న్యుమోనియాతో పోయారు. ఆ నర్సులు కోర్టు మాట విని సంతోషించిన ఫొటోలు పత్రికల్లో వచ్చాయి. మన వైపు ఏ ఇంటివాళ్ళకైనా ఆ సంతోషం అర్థమవుతుంది. మనకు అన్నం పెట్టడం వైద్యం కాదు, చుట్టరికం. పోయేవాళ్ళ నోట్లో తులసి నీళ్ళు పోసే దిక్కు ఉండడమే బతుకుకు సార్థకం అనుకునే చోట, గొట్టం తీయడమంటే ఆ చుట్టరికం తెంచినట్టు.

ఈ భయమే డాక్టరు దగ్గర మాటగా వస్తుంది. "పైపు తీసేస్తే అమ్మ ఆకలికి పోద్ది కదండీ?" సాలూరు వైపు కొడుకు అడిగే ప్రశ్న అదే. నెమ్మదిగా చెప్పగల డాక్టరు దొరికితే జవాబూ ఉంది. చావు దగ్గరపడ్డ దేహం ఆకలిని కోరదు, జీర్ణం మందగిస్తుంది, బలవంతంగా పోసిన అంబలి పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే ఉక్కిరిబిక్కిరై పోతారు. గొట్టం తీయడమంటే పక్కన కూర్చోవడం మానడం కాదు. తడిగుడ్డతో పెదాలు తడపాలి, చెంచాతో మింగగలిగినంత నీళ్ళు పోయాలి, నొప్పికి మందు ఇవ్వాలి. తులసి నీళ్ళు పోయవద్దని ఏ తీర్పూ చెప్పలేదు.

అసలు మలుపు 2018 మార్చి 9న. కామన్ కాజ్ అనే సంస్థ 2005లో వేసిన పిటిషన్ మీద ప్రధాన న్యాయమూర్తి దీపక్ మిశ్రా నాయకత్వంలో అయిదుగురు న్యాయమూర్తులు, గౌరవంగా చనిపోవడం జీవించే హక్కులో భాగమని, ముందుగా రాసిన పత్రం చెల్లుతుందని చెప్పారు. గ్యాన్ కౌర్ వదిలిన సందు ఇప్పుడు తలుపైంది. కాని తలుపుకు తాళాలు ఎక్కువ వేశారు. పత్రం మీద మేజిస్ట్రేటు సంతకం, ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న వైద్యుల మండలి. సాలూరులాంటి ఊళ్ళో అంత అనుభవమున్న నిపుణులను ముగ్గురిని ఒకే మంచం దగ్గరికి ఎవరు తెస్తారు? అయిదేళ్ళ తర్వాత, 2023 జనవరి 24న, కోర్టే తాళాలు సడలించింది. మేజిస్ట్రేటు బదులు నోటరీ గాని గెజిటెడ్ అధికారి గాని చాలు. రెండు మండళ్ళు: మొదటిది చికిత్స చేస్తున్న డాక్టరు, అయిదేళ్ళ అనుభవమున్న మరో ఇద్దరు, రెండోదానికి జిల్లా వైద్యాధికారి ఒకరిని నామినేట్ చేయాలి. ఒక్కొక్కటి వీలైనంతవరకు 48 గంటల్లో తేల్చాలి. మేజిస్ట్రేటుకు తెలియజేస్తే చాలు.

గొట్టం ప్రశ్న మాత్రం అప్పటికీ తెగలేదు. పదేళ్ళకు పైగా కదలిక లేకుండా గొట్టం మీదే ఉన్న ఒక ఘజియాబాద్ యువకుడి తల్లిదండ్రులు 2024లో ఢిల్లీ హైకోర్టుకు వెళితే, అతను ఏ యంత్రం మీదా లేడని, సొంతంగానే బతుకుతున్నాడని కోర్టు నిరాకరించింది. అంటే ఆ కోర్టు దృష్టిలో వెంటిలేటరు యంత్రం, రైల్స్ ట్యూబు కాదు. పద్దెనిమిదేళ్ళ కిందటి జగన్నాథరావు నిర్వచనం ఎంత ముందుచూపుతో రాసిందో ఇక్కడ తెలుస్తుంది. తల్లిదండ్రులు సుప్రీంకోర్టుకు పోగా, 2025లో అది 2023 పద్ధతి ప్రకారం వైద్య మండళ్ళ పరీక్షకు ఆదేశించింది.

ఇన్ని తీర్పుల కింద సాలూరులో నిజంగా ఏం జరుగుతోంది? ఇక్కడ రోగి హక్కు అంటే ముందు ఆసుపత్రి చేరే హక్కు. 2018 సెప్టెంబరులో, కామన్ కాజ్ తీర్పు వచ్చిన ఆరు నెలలకు, ఈ మండలం కొండ ఊరి నుంచి డోలీలో మోసుకొస్తున్న గర్భిణి దారిలోనే ప్రసవించిన దృశ్యాలు దేశమంతా చూసింది. ఇక్కడి రోగిని వైద్యం పేరుతో బంధించిన చరిత్రా ఉంది. జర్మనీ నుంచి వచ్చిన బ్రెక్లుం మిషనరీల కాలం నుంచి కుష్ఠు రోగులను చూస్తున్న ఫిలడెల్ఫియా ఆసుపత్రి ఈ ఊళ్ళోనే ఉంది. ఆ ఆసుపత్రి చేసిన సేవ ఒకవైపు, దిక్కులేని కుష్ఠురోగిని నిర్బంధించవచ్చన్న 1898 నాటి చట్టం 2016 దాకా పుస్తకాల్లో ఉండడం మరోవైపు.

ఇక చివరి దశ. పెద్ద ఆసుపత్రి వందకు పైగా కిలోమీటర్ల దూరంలో విశాఖలో. అక్కడ పదిహేను రోజులు గడిచాక డాక్టరు కారిడార్లోకి పిలిచి, "ఇంక ఇంటికి తీసుకుపోండి" అంటాడు. డాక్టరు సలహాకు వ్యతిరేకంగా మా ఇష్టంతోనే తీసుకుపోతున్నామని కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు. సలహా ఇచ్చిందీ డాక్టరే, దానికి వ్యతిరేకమని రాయించుకునేదీ ఆయనే. వెంటిలేటరు నుంచి తీసిన మనిషి ఆనందపురమో గజపతినగరమో దాటకముందే అంబులెన్సులో పోతారు. గొట్టంతో వచ్చినవాళ్ళు నెలలు ఉంటారు. ఏ మండలీ కూర్చోదు, ఏ మేజిస్ట్రేటుకూ తెలియదు, నొప్పి మందు రాసిచ్చేవాళ్ళు ఉండరు. ఈ దేశంలో వైద్యం ఉపసంహరణ ఎక్కువగా ఇలాగే, ఆ సంతకం చాటునే జరుగుతోంది. 2018లో జాతీయ మానవ హక్కుల సంఘం తయారుచేసిన రోగి హక్కుల పత్రంలో 17 హక్కులు ఉన్నాయి. ఇంటికి పంపే కాగితం మీద ఉన్నది ఒక్క సంతకం.

డబ్బు సంగతి కూడా దాచకూడదు. 2016లో, 2019లో చిత్తూరు జిల్లాలో తల్లిదండ్రులు తమ పసిబిడ్డలకు కారుణ్య మరణం ఇవ్వమని కోర్టుకెక్కారు. వైద్యం చేయించే స్తోమత లేక. మొదటి బిడ్డ సంగతి పత్రికల్లో వచ్చాక ప్రభుత్వం కాలేయ మార్పిడికి డబ్బు ఇచ్చింది. అంటే ఆ పిటిషన్ చావు కోసం కాదు, ఆపరేషన్ కోసం. వైద్యం దొరకని చోట వైద్యం ఆపే హక్కు గురించి మాట్లాడితే, అది పేదవాడిని తొందరగా పంపించే హక్కుగా మారుతుందన్న భయం వట్టిది కాదు. అందుకే 2023 పద్ధతిలో మండళ్ళు ఉండడం మంచిదే. ఆ మండలి సాలూరు మంచం దాకా రాగలదా అన్నదే ప్రశ్న. 2023లో విజయనగరంలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది గనక, నిపుణులు ఇప్పుడు అరవై కిలోమీటర్ల దూరంలో ఉన్నారు. అది ముందడుగే.

ముందుగా రాసే పత్రానికి పెద్ద ఖర్చు లేదు. తెల్లకాగితం మీద తెలుగులోనే రాసుకోవచ్చు: తెలివి తిరిగిరాదని వైద్యులు తేల్చాక వెంటిలేటరు వద్దు, ముక్కు గొట్టం వద్దు, నొప్పి మందు మాత్రం ఆపవద్దు, నా తరఫున మాట్లాడేది ఫలానావాళ్ళు అని. ఇద్దరు సాక్షులు కావాలి. నోటరీ గాని, గెజిటెడ్ అధికారి గాని సంతకం పెట్టాలి. ఒక ప్రతి ఇంట్లోవాళ్ళకు, ఒకటి చూసే డాక్టరుకు. ఇంకొకటి పంచాయతీకి గాని మునిసిపాలిటీకి గాని ఇవ్వాలి, ఆ కార్యాలయం దాన్ని భద్రపరచే అధికారిని నియమించి తీరాలని సుప్రీంకోర్టు ఉత్తర్వు. ముంబయి నగరపాలక సంస్థ అలాంటి అధికారులను నియమించింది, అదీ ఒక డాక్టరు కోర్టుకెక్కాక. సాలూరు మునిసిపల్ కార్యాలయానికి వెళ్ళినప్పుడు, ఇంటి పన్ను రశీదుతో పాటు, ఆ అధికారి ఎవరో కూడా అడిగిరండి.